ఆవిడ చేతిలో రేజరు

ఆసుపత్రి, కాలిన గాయాల వార్డు
కిటికీ పక్క మంచం
జూన్ 6

మిరపకాయ్,

అక్షరాలు ఇంత గుండ్రంగా ఉన్నాయేమిటని కంగారు పడకు. నా చేతులకి ఇంకా కట్లు విప్పలేదు. నేను చెబుతుంటే మా వార్డు ఆయా రాస్తోంది. నీ ఉత్తరాలు నాకు చదివి వినిపించేది కూడా ఆవిడే.

నువ్వు సెలవైపోయి వెళ్ళిపోయి పదహారు రోజులైంది. వేళ్ళు కొంచెం కదులుతున్నాయి. డాక్టరు ఫరవాలేదన్నాడు. మా లాండ్రీ నుంచి ఎవరైనా నిన్ను కలిస్తే, ఆవిరి గొట్టం ఊడిన రోజు బాయిలర్ దగ్గర నాతోపాటు ఉన్నవాడికి ఏమీ కాలేదు కదా అని కనుక్కో. నా మనసులో అదే తిరుగుతోంది.

అది అలా ఉంచు. అసలు విశేషం, ఇవాళ నాకు గడ్డం గీశారు! మొహం సగం కట్టుతో, సగం ఎలుగుబంటిలా ఉందని వెళ్ళేముందు నువ్వే అన్నావుగా. కట్టు తీశాక దవడ మీద కొత్త చర్మం ఉల్లిపొరలా ఉందట. వారానికోసారి వచ్చే బార్బరు చూసి, నేను చెయ్యి పెట్టను బాబోయ్ అని వెళ్ళిపోయాడు. రెండు మూడు బ్లేడ్ల ప్లాస్టిక్ రేజర్లు ఆ చర్మాన్ని పట్టుకుని లాగేస్తాయట. అప్పుడు ఆయా ఇంటి నుంచి వాళ్ళ నాన్న వాడిన పాత రేజరు తెచ్చింది. ఆయనకి సెలూన్ ఉండేది. దాన్ని ఇంజెక్టర్ అంటారు. ఒక్కటే బ్లేడు, సన్నగా, పొడుగ్గా. బ్లేడ్లన్నీ చిన్న రేకు డబ్బీలో ఉంటాయి. డబ్బీ మూతిని రేజరు తల పక్కనున్న సందులో దూర్చి బొటనవేలితో మీట నెడితే టక్కున కొత్త బ్లేడు లోపలికి, పాతది అవతలి వైపు నుంచి బయటికి. చేత్తో బ్లేడు ముట్టుకునే పనే లేదు.

ముందు కత్తెరతో గడ్డం తగ్గించి, వేడినీళ్ళ గుడ్డ కప్పి, బ్రష్షుతో నురగ పట్టించింది. తర్వాత ఈకతో రాసినట్టుంది, అంతే. రేజరు బరువు తెలిసింది కానీ చెయ్యి బరువు తెలియలేదు. ఇరవై ఏళ్ళుగా నేను చేసుకున్నది వట్టి గడ్డి పీకుడని ఇవాళ అర్థమైంది.

నువ్వు వేళకి తిను.

నీ
బాయిలర్ మనిషి


బైండింగ్ షాపు పైన మన గది
జూన్ 11

ఏమండీ,

ఉత్తరం అందింది. మీ చేతుల గురించి రెండు ముక్కలు రాయించారు. ఆవిడ చెయ్యి గురించి పేజీన్నర.

పదకొండేళ్ళ కాపురంలో నా చెయ్యి గురించి మీరు అన్న మాట ఒకటే గుర్తుంది. “జిగురు వాసన, కడుక్కునిరా” అని. పొద్దుట తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా నా చేతిలో ఉండేది కత్తే కదండీ. తోలు అంచుని కాగితమంత పలచగా గీకి అట్ట మీదికి మడిచే పని ఈ షాపులో ఇంకెవరికీ ఇవ్వరు. పన్నెండు మంది ఉన్నా ఇవ్వరు. అంతటి కత్తి పనిదాన్ని ఇంట్లో పెట్టుకుని, పరాయి చెయ్యి ఎంత తేలికో నాకే రాయిస్తారా?

చదువుతున్న ఆవిడకి ఒక మాట. ఇది కూడా చదవండి. గొంతు తగ్గించకుండా చదవండి.

ఆవిడ వయసెంత? ఇంట్లో ఎవరెవరున్నారు? అనుమానంతో అడగడం లేదు, తెలుసుకుందామని అడుగుతున్నాను.

నిన్న మన వెనక వీధిలో గడియారాలు బాగుచేసే ముసలాయన దగ్గరికి వెళ్ళాను. పాత సామాన్ల డబ్బాలో వెతికి ఒక ఇంజెక్టర్ రేజరు తీసిచ్చాడు. ఇత్తడి తల, తేనెరంగు పిడి. బ్లేడ్ల డబ్బీలు రెండు దొరికాయి. “మీవారికా అమ్మా?” అన్నాడు. “నాకే” అన్నాను. మనిషి బిత్తరపోయాడు.

ఎలా వాడాలో వివరంగా రాయించండి. మీరు ఇంటికొచ్చేసరికి మీ గడ్డం పని నాది. ఆవిడకి ఆ శ్రమ ఎందుకు, పాపం.

బాయిలర్ దగ్గరి అబ్బాయి బాగానే ఉన్నాడు. మీ గురించి అడిగి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

మీ
మిరపకాయ


వార్డు, కిటికీ పక్క
జూన్ 17

మిరపకాయ్,

నీ ఉత్తరాన్ని ఆవిడ గొంతు తగ్గించకుండానే చదివింది. పక్క మంచాల వాళ్ళందరూ విన్నారు. మూడో మంచం పెద్దాయన ఇప్పుడు నన్ను “ఏం కత్తివారింటి అల్లుడూ” అని పిలుస్తున్నాడు. సంతోషమేనా?

వయసు నేను అడగలేదు. ఆడవాళ్ళని వయసు అడిగే ధైర్యం నాకెప్పుడుంది?

ఇక నీ పాఠం. ఇది నేను చెప్పడం లేదు, ఆవిడే రాస్తానంది. నా మాటగానే అనుకో.

వేడినీళ్ళతో మొహం బాగా నాననివ్వాలి. సగం పని అదే. సబ్బు నురగ పెరుగులా చిక్కగా రావాలి, బుడగలుంటే పనికిరాదు. వెంట్రుకలు ఎటు వాలి ఉన్నాయో ముందు వేలితో తడిమి చూసుకోవాలి, ఒక్కొక్కరికి ఒక్కో తీరు. రేజరు తలని చెంపకి ఆనించి, పిడిని బాగా కిందికి, చెంపకి దగ్గరగా వాల్చి పట్టుకోవాలి. ఎత్తిపడితే కోస్తుంది. రెండో చేత్తో చర్మం బిగలాగి, వెంట్రుక వాలిన వైపే అంగుళం అంగుళం గీయాలి. నొక్కకూడదు. ఇదొక్కటే అసలు సంగతి. మళ్ళీ నురగ పట్టించి రెండోసారి అడ్డంగా గీస్తే నున్నగా వస్తుంది.

(అమ్మా, ఇది నా సొంత మాట. తోలు మీద నొక్కి నొక్కి అలవాటైన చెయ్యి కదా మీది, చర్మం మీద ఆ అలవాటే ఇబ్బంది పెడుతుంది. మొదట కోపం లేని రోజు చూసి మొదలుపెట్టండి. – ఆయా)

ఇక్కడ వాన మొదలైంది. కిటికీ రెక్క సరిగా పడదు. నాకేం కొరత లేదు, ఉన్నానంతే.

నీ
బాయిలర్ మనిషి


బైండింగ్ షాపు పైన గది
జూలై 2

మీకు,

ఆవిడ చెప్పినట్టు కోపం లేని రోజు కోసం ఆగాను. వారం ఆగాను. అలాంటి రోజు రాలేదు. ఇక లాభం లేదని ఆదివారం తమ్ముణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాను.

వాడి గడ్డం మీకు తెలుసుగా, ఇనపతీగ. బస్సు డ్యూటీ దిగి వచ్చాడు, ఇంకా ఖాకీలోనే ఉన్నాడు. నురగ పట్టించగానే కళ్ళు మూసుకుని, “అక్కా, నా బస్సు తాళాలు డిపోలో ఇచ్చెయ్యి” అన్నాడు. మొదటి గీతకే కోసుకుంది. “అత్త మీద కోపం దుత్త మీదన్నట్టు, బావ మీద కోపం నా గడ్డం మీదా?” అని లేచిపోబోయాడు. భుజాలు పట్టి కూలేశాను. నాలుగు గాట్లు. పటికరాయి పెడితే వీధి వీధంతా వినబడేలా అరిచాడు.

ఆ తర్వాత రోజూ వాణ్ణే కూర్చోబెట్టి గీశాను. ఇప్పుడు పిడి ఎంత వాల్చాలో చేతికి తెలిసింది. సరిగ్గా పడితే గరగరమని సన్నగా చప్పుడు వస్తుంది, తోలు గీకేటప్పుడు వచ్చే చప్పుడే. నిన్న ఒక్క గాటే. వాడి చెంప నిమిరి చూసుకున్నాను. నున్నగా ఉంది. నాకెంత గర్వమేసిందో! ఈ ఉత్తరంలో అదే రాద్దామనుకున్నాను.

ఇంతలో మీ లాండ్రీ సూపర్‌వైజరు వచ్చాడు. మిమ్మల్ని చూసి వస్తున్నానన్నాడు. “మీరేం బెంగపెట్టుకోకండమ్మా, హుషారుగా ఉన్నాడు. నేను వెళ్ళేసరికి ఆయా, ఆయనా ఒకే అద్దంలో చూసుకుంటూ పగలబడి నవ్వుతున్నారు” అన్నాడు. మంచి మాట చెప్పాననుకుని టీ తాగి వెళ్ళాడు.

నేను అక్కడున్న మూడు వారాల్లో నువ్వు ఒక్కసారి నవ్వలేదు. చెంచాతో పెడితే తిన్నావు, గోడవైపు తిరిగి పడుకున్నావు. నీకు కథలు చెప్పాను, షాపులో ముచ్చట్లు చెప్పాను, చివరికి పాట కూడా పాడాను. నా పాట! అయినా నవ్వలేదు. ఆవిడతో ఒకే అద్దంలో పగలబడి నవ్వుతావా?

నాకు చేతకానిది ఆవిడకి ఏం చేతనయిందో చెప్పు. ఒక్క బ్లేడా? నా దగ్గరా ఉంది. తేలిక చెయ్యా? తెచ్చుకున్నాను, సొంత తమ్ముడి నెత్తురు కళ్ళచూసి మరీ తెచ్చుకున్నాను.

ఆ చెయ్యి ఇంకొక్కసారి నీ మొహం మీద పడితే ఈ గడప తొక్కకు. గడ్డం పెంచుకునైనా రా, నున్నగా మాత్రం రాకు.

ఇది కూడా గొంతు తగ్గించకుండా చదవమను.


వార్డు, ఆయాల గది
జూలై 8

చెల్లెమ్మకి,

ఇది ఆయన చెబితే రాస్తున్నది కాదు. రాస్తున్నట్టు ఆయనకి తెలియదు.

మీ ఉత్తరం ఆయనకి సగమే చదివాను. మీ తమ్ముడి గడ్డం సంగతి దాకా చదివాను. ఆయన నవ్వారు. తర్వాత పేజీ చూసి, “ఇంతే రాశారు” అని మడిచేశాను. చిన్నప్పుడు మా నాన్న సెలూన్లో కూర్చున్న వాళ్ళందరికీ పేపరు చదివి వినిపించేదాన్ని. చావు కబుర్లు కూడా ఆగకుండా చదివేదాన్ని. ఇన్నేళ్ళకి మొదటిసారి నోరు రాలేదు. ఆ రాత్రి నుంచి మనసు మనసులో లేదు. ఒకరి ఉత్తరం దాచే హక్కు నాకు లేదు.

అద్దం సంగతి చెబుతాను. మీవారు ఏడు వారాలు అద్దం చూసుకోలేదు. గిన్నెలో నీళ్ళు పెట్టినా మొహం తిప్పుకునేవారు. దవడ నుంచి మెడ దాకా మచ్చ ఉంది చెల్లెమ్మా, అక్కడ ఇక వెంట్రుక మొలవదు. మొదటిరోజు నేను గీశాక అద్దం ఇస్తే తోసేశారు. వారం తర్వాత వారే అడిగారు. “మా ఆవిడ చూసేలోపు నేనొకసారి చూసుకోవాలి” అన్నారు. చూసుకుని చాలాసేపు ఏడ్చారు. నేను పక్కన కూర్చున్నాను, అంతే.

ఆ మర్నాటి నుంచి ఎవరి చెయ్యీ వద్దు, నేనే గీసుకుంటానన్నారు. పిడికి గుడ్డ చుట్టి లావు చేసి ఎడం చేతికిచ్చాను. చెయ్యి వణికి నురగ ముక్కులోకి పోయింది, తుమ్మితే నా మొహం నిండా పడింది. సూపర్‌వైజరుగారు వచ్చింది సరిగ్గా అప్పుడే. నవ్విన మాట నిజమే.

వయసడిగారు. నలభై రెండు. ఇంట్లో నేనొక్కదాన్నే. పన్నెండేళ్ళ కిందట మావారు ఇంకో ఊళ్ళో ఇంకో ఇల్లు పెట్టుకున్నారని తెలిసిన రోజు, నేను తోముతున్న గిన్నెలు తోముతూనే కూర్చున్నాను. ఆయన్ని ఒక్క మాట అడగలేదు. అది పెద్దరికం అనుకున్నాను. మీ ఉత్తరాలు చదువుతుంటే నాకు కుళ్ళు పుట్టింది చెల్లెమ్మా. ఆయన మీద ఆశపడి కాదు. ఒక మనిషి కోసం ఇంతలా పోట్లాడే నోరు నాకెందుకు లేకపోయిందా అని.

మీ ఉత్తరం రెండో పేజీ నా దగ్గర ఉంది. చింపమంటే చింపేస్తాను, చదవమంటే చదువుతాను.

– ఆయా


షాపులో, నా బల్ల దగ్గర, భోజనాల వేళ
జూలై 12

మీకు,

ఆయాగారూ, మీ ఉత్తరం రాగానే నిలబడి చదివాను. తర్వాత కూర్చుని మళ్ళీ చదివాను. ఒక తోలు ముక్క పాడుచేశాను, పదేళ్ళలో ఇదే మొదలు.

ఆ పేజీ ఆయనకి చదవండి. మొత్తం చదవండి, గడప మాటతో సహా. మీరు చింపేస్తే మనిద్దరి మధ్య ఆయనకి తెలియని గుట్టు ఒకటి మిగిలిపోతుంది. మీ ఇద్దరి మధ్య నాకు తెలియనివి ఇప్పటికే బోలెడు ఉన్నాయి, అవి చాలు. నేనన్నది నేనే అన్నాను. ఆయన వినాలి. విన్నాక ఈ ఉత్తరం కూడా చదవండి.

మీ మీద కోపం పోయింది. కుళ్ళు మాత్రం పోలేదు, అబద్ధం చెప్పను. ఆయన అద్దం చూసుకుని ఏడ్చినప్పుడు పక్కన ఉండాల్సిందాన్ని నేను. పదకొండేళ్ళుగా ఆ మొహం నాది. దాని మీద ఇంత మచ్చ పడితే ఆ సంగతి నాకు మీ ద్వారా తెలిసింది. మీరేం తప్పు చేశారని కాదు. నేను అక్కడ లేకపోవడం తప్పు, ఉద్యోగం పోతే ఇద్దరం పస్తుండాలి కాబట్టి అదీ తప్పు కాదు. మరి ఎవరి మీద ఏడవను? మీరు దొరికారు.

ఇంకొకటి. ఆయన తనే గీసుకోవడం నేర్చుకుంటున్నారన్నారు. మంచిదే. ఎవరైనా సంతోషిస్తారు. నాకు ఏడుపొచ్చింది. మరి నేను నేర్చుకున్నది ఎవరి కోసం? ఇప్పుడు మా తమ్ముడు మొహం నున్నగా డ్యూటీకి వెళుతుంటే డిపోలో అందరూ “ఏ సెలూన్” అని అడుగుతున్నారట. నా విద్యంతా బస్సు డ్రైవర్ల పాలయింది.

మీవారిని మీరు అడగని మాట గురించి నేనేం చెప్పగలను? పోట్లాడితే ఉంటారని లేదండీ. నేను పోట్లాడకుండా ఉండలేను, అంతే.

– మిరపకాయ


వార్డు
జూలై 21

మిరపకాయ్

ఇది నా ఎడం చెయ్యి. పెన్నుకి గుడ్డ చుట్టారు. నాలుగు రోజులుగా రాస్తున్నా.

ఆవిడ రెండూ చదివింది. గడప మాట దగ్గర ఆగింది. నీళ్ళు తాగి మళ్ళీ మొదటినుంచి చదివింది.

కుడిచేతి రెండు వేళ్ళు ఇక ముడవవు. నువ్వెళ్ళిన వారానికే డాక్టరు చెప్పాడు. నీకు చెప్పలేదు. మచ్చ సంగతీ చెప్పలేదు. బాయిలర్ పని ఇక లేదు. స్టోరులో కూర్చోబెడతామన్నారు. అదీ ఇప్పుడే చెబుతున్నా. చేతుల గురించి రెండు ముక్కలే ఎందుకు రాయించానో అర్థమైందా. ఏదో ఒకటి నింపాలి కదా. గడ్డం గురించి రాయించా.

నువ్వున్నప్పుడు నవ్వితే ఏడుపొస్తుందని భయం. గోడవైపు తిరిగింది అందుకు.

నీ పాట బాగాలేదు. నిజమే.

ఆగస్టు పదిన పంపిస్తారు. గడ్డంతో రానా. నున్నగా రానా. అసలు రానా.


మన గది
ఆగస్టు 14

అక్కా,

మనిషి క్షేమంగా చేరారు. ఇంకో రెండు ముక్కలు ఎక్కువే రాస్తాను, మీరు అడగకపోయినా.

స్టేషన్లో గుంపులో నన్ను చూసి ఆగిపోయారు. మూడు రోజుల గడ్డం. కండువా మెడకి చుట్టి, మచ్చ కనబడకుండా ఆ వైపు గోడకి పెట్టి నిలబడ్డారు. నేను వెళ్ళి కండువా తీసేశాను. మీరు రాశాక చూడటం వేరు కదా, గుండె దిటవు చేసుకునే వెళ్ళాను. ఆయన నా మొహమే చూస్తున్నారు, పరీక్ష ఫలితాలు చూసుకునేవాడిలా. “ఎండలో ఎంతసేపు నిలబెడతారు, పదండి” అన్నాను. గడప దగ్గర మాత్రం ఆగి, “తొక్కనా?” అన్నారు. వీపు మీద ఒక్కటి వేసి లోపలికి తోశాను.

మర్నాడు పొద్దున్నే గుడ్డ చుట్టిన రేజరు తీసుకుని స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. నేను బయట నిలబడ్డాను. నా రేజరు కడిగి, కొత్త బ్లేడు ఎక్కించి, నీళ్ళు కాచి అన్నీ సిద్ధంగా పెట్టుకున్నదాన్ని. లోపల గరగర చప్పుడు. మీరిచ్చిన విద్య. ఆ తలుపు మీద నాకెంత కోపమొచ్చిందో చెప్పలేను. లోపలున్న అద్దం మీద కూడా కుళ్ళుకున్నాను, నమ్మండి.

మధ్యలో చప్పుడు ఆగింది. తలుపు తీసుకుని వచ్చారు. ఒక చెంప నున్నగా ఉంది, ఇంకో చెంప మీద నురగ ఆరిపోతోంది. ఎడం చెయ్యి మోచేతి దాకా వణుకుతోంది. “వార్డులో పూర్తిగా అయ్యేది. ప్రయాణం చేసి వచ్చాను కదా, అలిసిపోయింది” అన్నారు. నా ముందు ముక్కాలిపీట మీద కూర్చుని గడ్డం పైకెత్తారు. కళ్ళు మూసుకోలేదు. మా తమ్ముడెప్పుడూ మూసుకునేవాడు.

మళ్ళీ నురగ పట్టించాను. పిడి వాల్చాను. నొక్కలేదు. మచ్చ అంచు దగ్గర ఊపిరి బిగబట్టి గీశాను, అక్కడ ఏమీ కాలేదు. హమ్మయ్య అనుకుని కిందికి వచ్చానో లేదో, సరిగ్గా గడ్డం కింద, ఏమీ లేని చోట, ఇంత ఎర్రచుక్క.

“ఆవిడైతే...” అని మొదలుపెట్టి ఆయన టక్కున నోరు మూసుకున్నారు.

రేజరు గాల్లోనే ఆగిపోయింది. “చెప్పండి. ఆవిడైతే?”

“ఏం లేదులే.”

“చెప్పండి. నా చేతిలో బ్లేడుంది.”

“మొదటిరోజు రెండుచోట్ల కోసింది” అన్నారు.

అక్కా! ఇంత సంగతి మీరిద్దరూ కలిసి నా దగ్గర దాచారా? ఎక్కడెక్కడో చూపించమన్నాను. ఒకటి చెవి కింద, ఒకటి పెదవి పక్కన. రెండూ మానిపోయి ఆనవాలు లేవు. అయినా వెలుతురులోకి తిప్పి మరీ వెతికాను. నవ్వు తన్నుకొస్తోంది, చెయ్యి కదులుతోంది. ఇంకో గాటు పడితే మీతో సమానమైపోతానని రేజరు గిన్నెలో పెట్టేసి, పీట పక్కన నేల మీద చతికిలబడి నవ్వాను. ఆయనా నవ్వారు. తర్వాత ఇద్దరం కాసేపు ఏడ్చాం, అది మీకెందుకులెండి.

లేచి, చేతులు కడుక్కుని, మళ్ళీ నురగ పట్టించి మిగతాది గీశాను. ఒక్క గాటుతోనే ముగించాను.

మీ
చెల్లెలు